కడ్డీ గెలాక్సీ, దాని తోడు: ఎన్‌జీసీ 1097 చుట్టూ ఒక ప్రశ్న

ఎన్‌జీసీ 1097 దక్షిణాకాశంలోని ఫోర్నాక్స్ రాశిలో, మనకు సుమారు 4.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కడ్డీ సర్పిల గెలాక్సీ. దాని నడిమధ్య నుంచి నక్షత్రాలతో నిండిన పొడవాటి కడ్డీ సాగుతుంది. ఆ కడ్డీ రెండు కొసల నుంచి రెండు చేతులు బయలుదేరి వంపు తిరుగుతూ వెళ్తాయి. ఒక చేతి పక్కనే, కేంద్రం నుంచి దాదాపు 42,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఎన్‌జీసీ 1097ఏ అనే చిన్న దీర్ఘవృత్తాకార గెలాక్సీ కనిపిస్తుంది. పెద్ద గెలాక్సీ చేతుల నిండా కొత్త నక్షత్రాల నీలికాంతి, ధూళి చారలు. చిన్నదానిలో అవేవీ లేవు. అది నున్నటి వెలుగు ముద్ద. ఈ జంట ఫొటో చూసిన ఎవరికైనా మొదట తట్టే ప్రశ్న ఒకటే: ఆ కడ్డీ, ఆ చేతులు ఈ తోడు లాగడం వల్ల ఏర్పడ్డాయా, లేక గెలాక్సీ తనంతట తానే ఆ రూపం తెచ్చుకుందా? చూడటానికి సులభమైన ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. ఆ వెతుకులాటలో హైదరాబాదుకూ గణనీయమైన పాత్ర ఉంది.

ఇప్పుడు మనకు అందుతున్న వెలుగు ఆ గెలాక్సీని విడిచింది 4.5 కోట్ల ఏళ్ల క్రితం. రాజమండ్రి దగ్గర లావా పారి చల్లారి అప్పటికే రెండు కోట్ల ఏళ్లు దాటింది. భారత ఉపఖండం ఆసియా భూఖండాన్ని ఒత్తుతూ హిమాలయాలను పైకి లేపుతోంది. కృష్ణా డెల్టా ఒండ్రు నేల ఇంకా పుట్టనే లేదు. అయినా ఖగోళ శాస్త్రంలో ఇది దగ్గరి దూరం కిందే లెక్క. ఈ గెలాక్సీలోని ఒక్కో ధూళి చారను, ఒక్కో నక్షత్ర గుచ్ఛాన్ని విడదీసి చూడగలుగుతున్నది ఈ దగ్గరితనం వల్లే.

విలియం హెర్షెల్ దీన్ని 1790 అక్టోబరు 9న ఇంగ్లండులోని స్లవ్ నుంచి కనిపెట్టాడు. అక్కడి నుంచి ఇది దిఙ్మండలానికి ఎనిమిది డిగ్రీలకు మించి లేవదు. దట్టమైన గాలి పొరల గుండా, మసక వెలుగులో దాన్ని పట్టుకోవడం ఆయన ఓపికకు నిదర్శనం. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కనుక ఇక్కడి నుంచి అదే గెలాక్సీ 43 డిగ్రీల ఎత్తుకు, అంటే నడినెత్తికీ నేలకూ దాదాపు సగం దూరానికి వస్తుంది. డిసెంబరు మూడో వారంలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. దాని ప్రకాశం తొమ్మిదిన్నర తరగతికి దగ్గర కాబట్టి మామూలు కంటికి ఆనదు. ఒక మోస్తరు టెలిస్కోపు కావాలి, చీకటి కావాలి. విజయవాడ, గుంటూరు దీపాల మధ్య ఆ చీకటి దొరకదు. హంసలదీవి దగ్గర సముద్రం ముందు నిలబడితే దక్షిణాన ఊళ్లు ఉండవు, దీపాలూ తక్కువే. అయితే శీతాకాలపు మంచు, సముద్రపు తేమ డెల్టా ఆకాశాన్ని తరచూ మసకబారుస్తాయి. ఈ గెలాక్సీని పరిశీలించడానికి కృష్ణా తీరం ఇంగ్లండు కన్నా ఎంతో మెరుగైన అక్షాంశంలో ఉందన్నది మాత్రం గట్టి మాట.

అక్షాంశం ఒక్కటే కాదు, దూరపు గెలాక్సీలను చదివే పద్ధతికీ ఈ ప్రాంతానికీ సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ డెల్టా మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచే జ్వాలలను చూశాడు. వాటి వెలుగు కొన్ని ప్రకాశవంతమైన గీతలుగా విడిపోయింది. అందులో ప్రధానమైనవి హైడ్రోజన్ గీతలు. అంటే ఆ జ్వాలలు మండే వాయువు. మర్నాడు గ్రహణం లేకుండానే అవే గీతలను ఆయన మళ్లీ చూడగలిగాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి పరిశీలించిన మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ ఒక పసుపు గీతను గమనించాడు. మద్రాసు వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తిలో ఉన్నాడు. తెలుగు నేల మీద ఒకే రోజు ఇన్ని చోట్ల ఇంత కీలకమైన పరిశీలన జరగడం పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఎక్కువ చోటు దక్కాల్సిన విషయం. గుంటూరులో జాన్సెన్ చూసిన ఆ ఎర్రటి హైడ్రోజన్ గీతే, 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఈనాడు గెలాక్సీల్లో వాయువు ఎటు కదులుతోందో, ఎంత వేగంతో కదులుతోందో చెబుతుంది. ఎన్‌జీసీ 1097 మన నుంచి సెకనుకు దాదాపు 1,270 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందని తెలిసింది వర్ణపటం జరుగుబాటు వల్లనే.

కడ్డీ ఉన్న సర్పిలాలను విడిగా గుర్తించినవారిలో హీబర్ కర్టిస్ ఒకరు; 1918లో ఆయన వాటిని గ్రీకు అక్షరం ఫై ఆకారంతో పోల్చి వర్గీకరించాడు. 1926లో ఎడ్విన్ హబుల్ వాటికి తన వర్గీకరణలో ఒక శాఖను కేటాయించాడు. అప్పటికి అవి విడ్డూరమైన కొద్దిపాటి గెలాక్సీలుగా కనిపించాయి. జెరార్ డి వాకులర్ 1959లో కడ్డీ లేనివి, కొద్దిగా ఉన్నవి, గట్టిగా ఉన్నవి అని మూడు తరగతులు చేశాక లెక్క మారింది. ధూళిని దాటి వచ్చే పరారుణ కాంతిలో ఫొటోలు తీశాక ఇంకా మారింది. ఈనాడు చుట్టుపక్కల సర్పిల గెలాక్సీల్లో మూడింట రెండొంతులకు ఏదో ఒక స్థాయి కడ్డీ ఉందని అంచనా. గట్టి కడ్డీ ఉన్నవి మూడింట ఒకటి. మన పాలపుంతకూ కడ్డీ ఉందని డి వాకులర్ 1964లోనే అనుమానించాడు, 1990ల తొలినాళ్లలో అది రూఢి అయింది. కాబట్టి కడ్డీని ఒక వింతగా కాక గెలాక్సీల మామూలు స్థితుల్లో ఒకటిగా చూడాలి. ప్రశ్న రూపం కూడా దీనితో మారిపోతుంది. కడ్డీ ఉన్న గెలాక్సీల్లో చాలావాటికి పక్కన పెద్ద తోడు లేదు. మరి వాటికి కడ్డీ ఎవరిచ్చారు?

దీనికి కంప్యూటర్లు ఇచ్చిన జవాబు ఆశ్చర్యకరంగా సూటిగా ఉంది: ఎవరూ ఇవ్వనక్కర్లేదు. పళ్ళెంలా చదునుగా తిరిగే నక్షత్ర సమూహాన్ని 1970ల మొదట్లో కంప్యూటరులో నడిపినప్పుడు అది కొన్ని చుట్లలోనే తనంతట తాను కడ్డీగా సాగిపోయింది. జెరెమియా ఆస్ట్రైకర్, జేమ్స్ పీబుల్స్ 1973లో ఈ అస్థిరతను విశ్లేషించి, పళ్ళెం నిలకడగా ఉండాలంటే దాని చుట్టూ కనిపించని బరువైన పరివేషం కావాలని వాదించారు. కృష్ణ పదార్థం ఉందనడానికి తొలినాటి వాదాల్లో ఇదొకటి. తర్వాత వచ్చిన లెక్కలు కథను కాస్త తిరగేశాయి. పరివేషం కడ్డీని అణచడమే కాదు, దీర్ఘకాలంలో పెంచుతుంది కూడా. కడ్డీలోని నక్షత్రాల కోణీయ ద్రవ్యవేగాన్ని పరివేషం మెల్లగా తీసుకుంటుంది. అది కోల్పోయిన కొద్దీ కడ్డీ పొడుగవుతుంది, నెమ్మదిస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త ఏథనసూలా లెక్కలు ఈ మార్పిడిని 2000ల మొదట్లో స్పష్టంగా చూపించాయి. కడ్డీ అంటే ఒకే చోట బిగించిన గట్టి వస్తువు కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. పొడవుగా సాగిన కక్ష్యల్లో తిరిగే కోట్ల నక్షత్రాలు కలిసి నిలబెట్టే ఆకృతి అది. ఆ ఆకృతి మొత్తంగా ఒకే వేగంతో తిరుగుతుంది.

ఇక తోడు ఏం చేయగలదు? దీనికి మూలసూత్రం ఆటుపోట్లదే, మాటవరసకు కాదు, భౌతికశాస్త్రంలో అక్షరాలా అదే. నాగాయలంక పక్క ఏళ్లలోకి పోటు నీరు ఎక్కడం, దిగడం డెల్టా మత్స్యకారులకు రోజువారీ లెక్క. భూమిలో చంద్రుడికి దగ్గరగా ఉన్న భాగం మీద చంద్రుడి లాగుడు ఎక్కువ, అవతలి భాగం మీద తక్కువ. ఆ తేడాయే నీటిని రెండు వైపులా ఉబ్బిస్తుంది. ఈ తేడా దూరం ఘనంతో తగ్గుతుంది. సూర్యుడు చంద్రుడికన్నా సుమారు 2.7 కోట్ల రెట్లు బరువైనా, దాదాపు 390 రెట్లు దూరంలో ఉండడం వల్ల సముద్రం మీద అతని ప్రభావం చంద్రుడి దానిలో సగం కన్నా తక్కువే. గెలాక్సీల విషయంలోనూ అంతే. తోడు ఎంత బరువన్న దానికన్నా ఎంత దగ్గరగా వచ్చిందన్నది ఎక్కువ నిర్ణయాత్మకం. దూరం సగమైతే ప్రభావం ఎనిమిది రెట్లు. గెలాక్సీ పళ్ళెం రెండు వైపులా ఉబ్బితే, దాని భ్రమణం ఆ ఉబ్బును సాగదీసి రెండు చేతులుగా, మధ్యలో కడ్డీగా మలచగలదు.

ఈ లెక్కను మొదట ప్రయోగంగా చేసి చూపినవాడు స్వీడన్‌కు చెందిన ఎరిక్ హోల్మ్‌బర్గ్. కంప్యూటర్లు లేని 1941లో ఆయన నక్షత్రాల బదులు దీపపు బల్బులు వాడాడు. వెలుగు తగ్గే సూత్రం, గురుత్వాకర్షణ తగ్గే సూత్రం ఒకటే కనుక ఒక్కో బల్బు చోట వెలుగు కొలిస్తే బలం తెలుస్తుంది. ఒక్కో గెలాక్సీకి 37 బల్బులు. అవి ఒకదాన్నొకటి దాటుతుంటే సర్పిల చేతుల్లాంటివి ఏర్పడడం ఆయన చూశాడు. 1972లో అలార్, యూరి టూమ్రే సోదరులు చేసిన కంప్యూటరు లెక్కలు ఈ రంగాన్ని స్థిరపరిచాయి. ఎం51 సుడిగుండం గెలాక్సీ చేతులను, దాని తోడు ఎన్‌జీసీ 5195 రాకపోకలతో వాళ్లు వివరించారు. చిన్న గెలాక్సీ పెద్దదాని భ్రమణ దిశలోనే దాటితే దెబ్బ గట్టిగా తగులుతుందని, ఎదురు దిశలో దాటితే పెద్దగా తగలదని వాళ్ల లెక్కల్లో తేలింది. ఇందులో గమనించాల్సిన వింత ఒకటుంది: ఎం51 జంటలో కొట్టొచ్చినట్టు కడ్డీ ఉన్నది పెద్దదానికి కాదు, తోడుకే.

టూమ్రే సోదరుల కన్నా ముందే ఈ ప్రశ్న మీద హైదరాబాదులో పని మొదలైంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. 1959లో అక్కడ ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది. 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు పని ప్రారంభించింది. ఆ విభాగానికి చెందిన సాలెహ్ మొహమ్మద్ అలాదీన్ (1931–2011) షికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి వచ్చి, 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో గెలాక్సీల ఢీకొనడం మీద వ్యాసం ప్రచురించాడు. ఆయన అనుసరించిన పద్ధతి తాకిడి ఉజ్జాయింపు. ఒక గెలాక్సీ మరొకదాన్ని వేగంగా దాటుతున్నప్పుడు, ఆ కొద్ది కాలంలో దానిలోని నక్షత్రాలు ఉన్నచోటనే ఉన్నాయనుకుని, ఒక్కోదానికి ఎంత తోపుడు తగిలిందో లెక్కించి కూడడం. ఇలా లెక్కిస్తే గెలాక్సీ లోపలికి చేరే శక్తి దాటే వేగం వర్గంతో తగ్గుతుంది, దగ్గరి దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగో వంతు. దూరం రెట్టింపైతే పదహారో వంతు.

ఈ సూత్రం నుంచి వచ్చిన ఫలితాలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. నెమ్మదిగా, దగ్గరగా దాటే గెలాక్సీలు తమ కదలిక శక్తిని లోపలి నక్షత్రాల కదలికగా పోగొట్టుకుని, ఒకదానికొకటి చిక్కి, చివరికి కలిసిపోగలవు. వేగంగా దాటేవి కాస్త చెదిరి విడిపోతాయి. అలాదీన్ తన సహచరులు, శిష్యులతో కలిసి ఈ లెక్కలను రకరకాల గెలాక్సీ నమూనాలకు విస్తరించాడు. 1982లో కె.ఎస్.వి.ఎస్. నరసింహన్‌తో కలిసి ఫిజిక్స్ రిపోర్ట్స్ పత్రికలో గెలాక్సీల మధ్య గురుత్వ ప్రభావాల మీద ఆయన రాసిన సుదీర్ఘ సమీక్ష ఆ దశాబ్దంలో ఈ విషయం చదవాలనుకున్నవారికి దొరికిన మంచి ప్రవేశద్వారాల్లో ఒకటి. పెద్ద కంప్యూటర్లు లేకుండా, కాగితం మీద గణితంతో ఇంత దూరం వెళ్లడం మెచ్చదగినది. ఆ పద్ధతికి ఉన్న హద్దు కూడా స్పష్టమే: దాటే గెలాక్సీ నెమ్మదిగా కదిలితే నక్షత్రాలు ఉన్నచోట ఉండవు, అప్పుడు ఉజ్జాయింపు తప్పుతుంది. తోడు వల్ల కడ్డీలు ఏర్పడేది సరిగ్గా ఆ నెమ్మది కలయికల్లోనే కనుక మిగతా పని కంప్యూటర్ల మీద పడింది.

జపాన్‌కు చెందిన మసఫుమి నోగుచి 1987లో ఆ పని చేశాడు. తనంతట తాను కడ్డీ తెచ్చుకోని నిలకడైన పళ్ళేన్ని తీసుకుని, తోడు దాటించి, కడ్డీ పుట్టడం చూపించాడు. దీనితో కడ్డీలు రెండు రకాల పుట్టుకవి కావచ్చునని తేలింది: సొంత అస్థిరతతో వచ్చినవి, పొరుగు తోపుడుతో వచ్చినవి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అసలు చిక్కు ఇదే.

లెక్కలు తీసి చూసినా చిక్కు వీడలేదు. 1990లో డెబ్రా, బ్రూస్ ఎల్మెగ్రీన్‌లు, బెల్లిన్ కలిసి జంట గెలాక్సీల జాబితాలు పరిశీలించి, కొన్ని తరగతుల జంటల్లో కడ్డీలు ఎక్కువని చూపించారు. తర్వాత స్లోన్ సర్వేలోని వేల గెలాక్సీలతో 2012లో జరిగిన అధ్యయనంలో, గెలాక్సీ జాజ్వల్యం, రంగు వంటివి సమానం చేసి చూస్తే, మరీ దగ్గరగా పొరుగు ఉన్న గెలాక్సీల్లో కడ్డీలు తక్కువని తేలింది. ఈ రెండూ విరుద్ధంగా కనిపించినా రెండూ నిజం కావచ్చు. దగ్గరి కలయిక కడ్డీని పుట్టించగలదు, ఉన్న కడ్డీని చెదరగొట్టగలదు. జంటను మనం పట్టుకున్న క్షణం ఆ రెండింట్లో దేనికి దగ్గరో దాన్నిబట్టి లెక్క మారుతుంది. కోట్ల ఏళ్ల ప్రక్రియకు ఒకే ఫొటో దొరికే శాస్త్రంలో ఇలాంటి అయోమయం తప్పదు.

ఒంటరి సాక్ష్యం ఎన్‌జీసీ 1300. ఎరిడానస్ రాశిలో, ఎన్‌జీసీ 1097కు పదకొండు డిగ్రీల ఉత్తరాన ఉన్న ఈ గెలాక్సీ పుస్తకాల్లో కడ్డీ సర్పిలానికి నమూనాగా ఇచ్చేది. ఇంత నిటారైన కడ్డీ, ఇంత శుభ్రమైన రెండు చేతులు ఉన్నా దీని పక్కన చెప్పుకోదగిన పెద్ద తోడు లేదు. అది ఉన్న ఆకాశపు పట్టీ, దక్షిణ 17 నుంచి 23 డిగ్రీల వరకు, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ నక్షత్ర పట పథకంలో నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. ఆ పట్టీలోని నక్షత్రాల స్థానాలను కొలిచి పుస్తకాలుగా ప్రచురించింది హైదరాబాదే. ఒంటరిగా ఇంత గట్టి కడ్డీ నిలబడగలిగినప్పుడు, పక్కన ఒక తోడు కనిపించినంత మాత్రాన కడ్డీ కారణాన్ని దానికి అంటగట్టడం తొందరపాటు.

ఈ జాగ్రత్తతో ఎన్‌జీసీ 1097 దగ్గరికి తిరిగి వస్తే, కనిపించే తోడు ఎన్‌జీసీ 1097ఏ పెద్దదానితో పోలిస్తే చాలా చిన్నది. అది లాగడం వల్ల చేతి ఆకారంలో కొంత వంకర వచ్చి ఉండవచ్చు. అంత పొడవాటి, గట్టి కడ్డీని పుట్టించే శక్తి దానికి ఉందని చెప్పడం కష్టం. తటస్థ హైడ్రోజన్ రేడియో తరంగాల్లో ఎన్‌జీసీ 1097బీ అనే మరో మరుగుజ్జు గెలాక్సీ కూడా బయటపడింది, అదీ చిన్నదే. తోడు నిజంగా ఏదైనా చేసిందంటే దానికి సాక్ష్యం ఇంకెక్కడో వెతకాలి. ఆ సాక్ష్యం దొరికింది కూడా, అనుకోని రూపంలో.

1970ల మధ్యలో లోతైన ఫొటోగ్రాఫుల్లో ఈ గెలాక్సీ కేంద్రం నుంచి బయటికి పోతున్నట్టు అతి మసకైన సన్నని కిరణాలు కనిపించాయి. మొత్తం నాలుగు, అవి ఇంగ్లీషు ఎక్స్ ఆకారంలో అమరి ఉన్నాయి. అన్నింటికన్నా ప్రకాశవంతమైనది ఒకచోట దాదాపు లంబకోణంలో మలుపు తిరుగుతుంది. విచిత్ర గెలాక్సీల పటావళిని 1966లో ప్రచురించి, అందులో ఈ జంటను 77వ సంఖ్యతో చేర్చిన హాల్టన్ ఆర్ప్ వీటిని ఆసక్తిగా పరిశీలించాడు. గెలాక్సీ కేంద్రాలు పదార్థాన్ని, తోడు గెలాక్సీలను సైతం బయటికి విసురుతాయన్న ఆయన ఆలోచనకు ఇవి అనువుగా కనిపించాయి. అయితే పరిశీలనలు ఆ వైపు మొగ్గలేదు. ఆ కిరణాల్లో మండే వాయువు గీతలు దొరకలేదు, హైడ్రోజన్ దొరకలేదు. వాటి రంగు మామూలు నక్షత్రాల రంగు. కృష్ణబిలం చిమ్మే ధారలైతే ఇలా ఉండవు, లంబకోణంలో మలుపూ తిరగవు. 2003లో జేమ్స్ హిగ్డన్, జాన్ వాలిన్ చేసిన కంప్యూటరు నమూనా పొందికైన వివరణ ఇచ్చింది. ఒక మరుగుజ్జు పళ్ళెం గెలాక్సీ పెద్దదాని లోపలి భాగం గుండా పలుమార్లు దూసుకుపోయి చీలికలైంది. దాని వాయువు పెద్దదాని వాయువుతో రాసుకుని ఊడిపోయింది. మిగిలిన నక్షత్రాలు పాత కక్ష్య పొడవునా పరుచుకుని ఆ ఎక్స్‌గా కనిపిస్తున్నాయి. అంటే ఈ గెలాక్సీ చరిత్రలో అత్యంత స్పష్టమైన తోడు ఇప్పుడు తోడుగా లేదు, దానిలో కలిసిపోయింది. పక్కన మెరుస్తున్న 1097ఏ కన్నా, ఎంతో మసకైన ఆ చారలే ఎక్కువ చెబుతున్నాయి.

కడ్డీ ఎలా వచ్చిందన్నది తేలకపోయినా అది చేస్తున్న పని మాత్రం ఈ గెలాక్సీలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కడ్డీ పొడవునా, అది తిరిగే దిశలో ముందంచున, రెండు చీకటి ధూళి చారలు ఉంటాయి. చుట్టూ తిరిగే వాయువు అక్కడ అభిఘాతంతో వేగం కోల్పోయి కేంద్రం వైపు జారుతుంది. జారిన వాయువు నేరుగా కేంద్రానికి చేరదు. సుమారు 5,000 కాంతి సంవత్సరాల వ్యాసం ఉన్న వలయంలో పోగుపడుతుంది. యూరోపియన్ దక్షిణ వేధశాల టెలిస్కోపు తీయగా 2005లో వెలువడిన పరారుణ చిత్రాల్లో ఆ వలయం మీద మూడు వందలకు పైగా నక్షత్ర జనన ప్రాంతాలు లెక్కకు వచ్చాయి. 1992, 1999, 2003 సంవత్సరాల్లో ఈ గెలాక్సీలో బరువైన నక్షత్రాలు కుప్పకూలిన సూపర్‌నోవాలు మూడు కనిపించాయి. ఇంత తక్కువ కాలంలో మూడు అంటే ఇక్కడ బరువైన నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయన్నమాటే.

వలయంలో అయస్కాంత క్షేత్రం పాత్ర ఇటీవల బాగా తెలిసిన విషయం. రేడియో తరంగాల ధ్రువణం కొలిచి రైనర్ బెక్ బృందం 1999లో కడ్డీలో క్షేత్ర రేఖలు వాయువు దారిని అనుసరిస్తున్నాయని, అవి వలయం లోపలికి కూడా వంపు తిరిగి వెళ్తున్నాయని చూపింది. వాయువును కేంద్రానికి చేర్చే చివరి మెట్టులో ఆ క్షేత్రం సాయపడుతుండవచ్చునన్నది వారి సూచన. 2018లో ఫతెమే తబతబాయి బృందం అదే క్షేత్రం వలయంలో నక్షత్రాలు పుట్టే వేగాన్ని తగ్గిస్తోందని వాదించింది. ఒకే బలం ఒకచోట మేత అందిస్తూ, ఒకచోట పగ్గం వేస్తోంది.

చివరికి కేంద్రంలోని కృష్ణబిలం. చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినులతో 2015లో అణువాయువు భ్రమణాన్ని కొలిచి దాని బరువు 14 కోట్ల సూర్యులకు సమానమని లెక్కగట్టారు. పాలపుంత మధ్యనున్నది 40 లక్షల సూర్యుల బరువే. బ్రెజిల్ శాస్త్రవేత్త థైసా స్టోర్కి బెర్గ్‌మాన్ 1991లో పరిశీలించినప్పుడు కేంద్రపు హైడ్రోజన్ ఎర్రగీత రెండు కొమ్ములుగా చీలి, వెడల్పుగా కనిపించింది. అంతకుముందు అది అలా లేదు. మనవైపు వచ్చే అంచు గీతను నీలం వైపు, దూరంగా పోయే అంచు ఎరుపు వైపు జరపగా, మధ్యలో తిరుగుతున్న వాయు పళ్ళెం ఇలా కనిపిస్తుంది. ఏదో ఒక ముద్ద, బహుశా చీలిపోయిన నక్షత్రం, కృష్ణబిలం చుట్టూ కొత్తగా పరుచుకుందని ఆమె బృందం వివరించింది. ధూళి చార నుంచి వలయానికి, వలయం నుంచి కృష్ణబిలానికి వాయువు ప్రయాణించే దారి ఇంత పూర్తిగా బయటపడిన గెలాక్సీలు కొద్దే. అందుకే ఈ గెలాక్సీకి శాస్త్రంలో ఇంత విలువ.

తోడు కడ్డీని ఏం చేయగలదో దగ్గర నుంచి చూపే ఉదాహరణ మాత్రం మన ఇంటి పక్కనే ఉంది. 1.6 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని పెద్ద మెజెలానిక్ మేఘం కడ్డీ గెలాక్సీ. సుమారు రెండు లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని చిన్న మేఘం దాని తోడు. పెద్ద మేఘం కడ్డీ దాని పళ్ళెం మధ్యలో కాక పక్కకు ఒరిగి ఉంటుంది, చేయి కూడా ఒకటే ప్రధానం. రెండింటి మధ్య హైడ్రోజన్ వంతెన ఉంది. చిన్న మేఘం ఖగోళ కాలమానంలో ఇటీవలే పెద్దదాని గుండా నేరుగా దూసుకుపోయిందనుకుంటే ఈ ఒరుగుదల సరిపోతుందని 2012లో గుర్తీనా బెస్లా బృందం చూపింది. ఇక్కడ తోడు కడ్డీని పుట్టించలేదు, ఉన్నదాన్ని కదిలించింది. విజయవాడ నుంచి పెద్ద మేఘం దక్షిణ దిగ్గంతానికి నాలుగు డిగ్రీలకు లోపే లేస్తుంది. గాలి పొరలు దాన్ని పూర్తిగా మింగేస్తాయి.

మరీ దూరపు గెలాక్సీలు ప్రశ్నకు కాలాన్ని జోడించాయి. హబుల్ టెలిస్కోపు చిత్రాలతో 2008లో కార్తిక్ షేత్ బృందం చేసిన లెక్కలో, దాదాపు 700 కోట్ల ఏళ్ల క్రితం సర్పిలాల్లో కడ్డీ ఉన్నవి ఇప్పటి మూడింట రెండొంతులతో పోలిస్తే అయిదో వంతు మాత్రమే. తొలి గెలాక్సీలు వాయువుతో నిండి, కల్లోలంగా ఉండి కడ్డీని నిలబెట్టలేవని అప్పటి అవగాహన. జేమ్స్ వెబ్ టెలిస్కోపు దీన్ని సవరించింది. 2023లో నేచర్ పత్రికలో వెలువడిన సియర్స్-2112 అనే గెలాక్సీ విశ్వం వయసు కేవలం 210 కోట్ల ఏళ్లప్పటిది. దానికి అప్పటికే కడ్డీ ఉంది. ఆ కాలంలో గెలాక్సీలు ఇప్పటికన్నా దగ్గరగా ఉండేవి, కలయికలు తరచుగా జరిగేవి. అంత తొందరగా కడ్డీలు రావడంలో తోడుల పాత్ర ఎంతన్నది ఇప్పుడు చురుగ్గా చర్చిస్తున్న విషయం.

రెండు పుట్టుకలను విడదీయడానికి ఆశాజనకంగా ఉన్న కొలత కడ్డీ తిరిగే వేగం. పొరుగు తోపుడుతో పుట్టిన కడ్డీలు నెమ్మదిగా తిరుగుతాయని 1998లో మివా, నోగుచి లెక్కలు చెప్పాయి. కడ్డీ వేగాన్ని ఏ నమూనా ఊహించకుండా కొలిచే పద్ధతిని స్కాట్ ట్రిమేన్, మార్టిన్ వైన్‌బర్గ్ 1984లోనే ఇచ్చారు. గెలాక్సీ ప్రతి బిందువు దగ్గరా వర్ణపటం తీయగల పరికరాలు వచ్చాక ఆ పద్ధతి పదుల గెలాక్సీలకు వర్తించింది. 2015లో కాలిఫా సర్వేలోని 15 గెలాక్సీలను కొలిస్తే, ఆ కొలతల హద్దుల్లో అన్నీ వేగమైన కడ్డీలే. నెమ్మది కడ్డీలు కనబడకపోవడం సొంత పుట్టుక వాదానికి బలమే, కానీ పదిహేను చిన్న సంఖ్య.

రెండో కొలత ఎన్‌జీసీ 1097 నేర్పినదే: కలిసిపోయిన తోడుల మసక శిథిలాలను వెతకడం. కడ్డీ ఉన్నవి, లేనివి వేల సంఖ్యలో తీసుకుని వాటి చుట్టూ ఇలాంటి చారలు ఎన్నింటికి ఉన్నాయో సమానమైన లోతుతో లెక్కిస్తే, తోడు వాటా సంఖ్యగా తేలుతుంది. చిలీలో 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన వేరా రూబిన్ వేధశాల, దక్షిణాకాశమంతటినీ పదేళ్లపాటు పదేపదే ఫొటోలు తీయడానికి కట్టినది. ఒకే చోటి చిత్రాలను వందల సంఖ్యలో పేర్చినప్పుడు బయటపడే మసక వెలుగు ఆ నాలుగు చారల స్థాయిదే.